ఎలివేషన్ లేని స్టేషన్లు

మన ఊళ్లలో ఇల్లు కట్టించేవాళ్లు ఇంజనీర్ని అడిగే మొదటి మాట "ఎలివేషన్ ఎలా వస్తది?" అని. గదుల్లోకి గాలి ఎటునుంచి వస్తుందో, వంటింటి వేడి ఎటు పోతుందో తర్వాతి సంగతి. రోడ్డు మీద పోయేవాడికి ఇల్లు ఎలా కనపడుతుందన్నదే ఎలివేషన్. సినిమా వాళ్లకీ అదే మాట. హీరో నడిచొస్తుంటే దుమ్ము లేచి, జనం పక్కకి జరిగి, వెనక డప్పులు మోగితే దాన్నీ ఎలివేషన్ అంటున్నాం. రెండు చోట్లా పని ఒకటే. లోపల ఏముందో తెలిసేలోపే మనల్ని పడగొట్టేయడం.

రైల్వే స్టేషన్ల అందం గురించి రాసేవాళ్లు కూడా ఎక్కువగా ఎలివేషన్ దగ్గరే ఆగిపోతారు. ముంబయిలో స్టీవెన్స్ డిజైన్ చేసిన విక్టోరియా టెర్మినస్, చెన్నైలో హెన్రీ ఇర్విన్ ఎగ్మూరు, మన హైదరాబాద్‌లో కాచిగూడ గుమ్మటాలు. అవి అందంగా లేవని ఎవరంటారు? కానీ ఆ లెక్కన చూస్తే కృష్ణా డెల్టాలో చెప్పుకోదగ్గ స్టేషనే లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె స్టేషన్లని రోడ్డు మీద నుంచి ఫొటో తీసి పెడితే స్క్రోల్ చేస్తున్న వేలు ఆగదు. అయినా నాకు ఇష్టమైన స్టేషన్లేవని ఎవరైనా అడిగితే ఈ మూడే చెప్తాను. అది సొంత ప్రాంతం మీద మమకారం మాత్రమే అనుకోను. ఈ మూడింటిలో ఒక డిజైన్ ఉంది. దాన్ని చూడటానికి మనకి అలవాటు లేదంతే.

అసలు స్టేషన్‌ని భవనంగా చూడటంలోనే ఒక చిక్కుంది. భవనం ముఖం రోడ్డు వైపు ఉంటుంది, ప్రయాణికుడి ముఖం పట్టాల వైపు ఉంటుంది. టికెట్ తీసుకుని లోపలికి వచ్చాక ఆ భవనం మన వీపు వెనకాలే. రైలు వచ్చేదాకా మనం ఉండేది ప్లాట్‌ఫాం మీద. ఒక పొడవాటి అరుగు, మధ్యలో కొంతమేర షెడ్డు, దానికి అటూ ఇటూ ఎండ, అక్కడక్కడా బెంచీలు, ఒక కుళాయి, ఒక టీ స్టాలు, చివర్న పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు, దాని కింద సముద్రమట్టం నుంచి ఎత్తు. ఇంతే. ఈ సామానంతా చేసే పని మనల్ని కాసేపు ఆపి ఉంచడం. కాబట్టి స్టేషన్‌ని చదవాలంటే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎక్కడ కూర్చోబెడుతోంది? ఎటు చూడమంటోంది? ఎవరి పక్కన? ఎంతసేపు? ఈ ప్రశ్నలకి ఈ మూడు ఊళ్లు మూడు వేరువేరు జవాబులు చెప్తాయి.

డెల్టాకి ఎదురుచూడటం రైలుతో మొదలైంది కాదు. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ ప్రాంతానికి కాలువలే రోడ్లయ్యాయి. కొమ్మమూరు కాలువ, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలు నడిచాయి. నీటిమట్టం మారే చోట లాకులుంటాయి. తలుపులు మూసి, నీళ్లు నిండేదాకా పడవ ఆగాల్సిందే. పడవ ఆగిన చోట ఒక కొట్టు పుడుతుంది, నాలుగు కబుర్లు పుడతాయి. 1899లో విజయవాడ నుంచి మద్రాసుకి రైలుమార్గం కలిసింది. 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్ల గుంటూరు - రేపల్లె బ్రాడ్‌గేజి లైను తెనాలి మీదుగా వచ్చింది. లాకుల దగ్గర ఆగడం అలవాటైన జనమే వచ్చి ప్లాట్‌ఫాం మీద మూటలు దించుకున్నారు.

ముందుగా తెనాలి. మ్యాపులో చూస్తే తెనాలి ఒక కత్తెర. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే మెయిన్ లైను ఒక చెయ్యి, గుంటూరు నుంచి రేపల్లె వెళ్లే లైను ఇంకో చెయ్యి. రెండూ కలిసే మేకు ఈ స్టేషన్. ఊరికి ఆంధ్రా ప్యారిస్ అని పేరుంది కానీ, స్టేషన్ విషయంలో తెనాలి ప్యారిస్‌కి పూర్తిగా ఎదురు. ప్యారిస్‌లో పెద్ద స్టేషన్లన్నీ టెర్మినస్‌లే. ఉత్తరం నుంచి వచ్చినవాడు దక్షిణానికి పోవాలంటే ఒక స్టేషన్‌లో దిగి, మెట్రో ఎక్కి, ఊరు దాటి ఇంకో స్టేషన్‌కి పోవాలి. తెనాలిలో మెట్లెక్కి దిగితే చాలు, దిక్కు మారిపోతుంది.

జంక్షన్‌లో ఎదురుచూపు ఎప్పుడూ సగంలో ఉంటుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది తెనాలికి వచ్చినవాళ్లు కారు, తెనాలి నుంచి వెళ్లేవాళ్లూ కారు. ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం ఉన్నారు. అందుకే జంక్షన్‌లో అసలైన కట్టడం ఫుట్ ఓవర్ బ్రిడ్జి. దాని మీద నిలబడితే నాలుగు దిక్కుల పట్టాలూ కనపడతాయి. ఎవరు ఎటు పోతున్నారో, ఏ ప్లాట్‌ఫాం మీద ఏ ఊరి జనం ఉన్నారో సంచుల్ని బట్టి, నడకని బట్టి తెలిసిపోతుంది. ఒకే షెడ్డు కింద నాలుగు ఊళ్ల తెలుగు వినపడుతుంది. అనౌన్స్‌మెంట్ వస్తే గుంపులో సగం లేచి పరిగెడతారు, సగం కదలరు. ప్లాను కాగితం మీద గీస్తే ఇందులో గొప్పేమీ కనిపించదు. మనుషుల్ని కూడా గీస్తేనే కనిపిస్తుంది.

తెలుగు సాహిత్యానికి ఈ కత్తెర చేసిన మేలు చిన్నది కాదు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి ఈ ఊరి నుంచి మద్రాసు వెళ్లి స్థిరపడ్డారు. శారద పేరుతో రాసిన ఎస్. నటరాజన్ దానికి ఎదురు దిశలో వచ్చాడు. తమిళ కుర్రాడు. చిన్నతనంలో మద్రాసు నుంచి తెనాలి చేరాడు. హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. 'మంచీ చెడూ', 'అపస్వరాలు' లాంటి నవలలు రాశాడు. 1955లో, ముప్ఫై ఏళ్ల వయసులో పోయాడు. మద్రాసు దారి ఒకటే. ఆ దారిలో పైకెళ్లినవాళ్లకి పత్రికలూ సినిమాలూ దొరికాయి, కిందికొచ్చినవాడికి హోటల్లో ప్లేట్లు దొరికాయి. అయినా తెనాలి గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది శారదే. దిగినచోట భాషే తన భాష చేసుకున్నవాడు, అదీ రాసేంత, అచ్చంగా జంక్షన్ మనిషి.

ఇంకో సంగతి కూడా ఈ స్టేషన్ లెక్కలో రాయాలి. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా రోజుల్లో, తెనాలి జనం వెళ్లి తగలబెట్టింది రైల్వే స్టేషన్‌నే. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా స్థూపాలు ఊళ్లో రణరంగ చౌక్‌లో ఉన్నాయి. మనకి స్టేషన్ అంటే ముచ్చట. ఆ రోజు వాళ్లకి స్టేషన్ అంటే ప్రభుత్వం. ఊళ్లో సర్కారు రోజూ, టైము ప్రకారం, పొగ కక్కుతూ వచ్చి కనపడే చోటు అది. 'పాత స్టేషన్ల అందం' అని మనం తేలిగ్గా అనేసే మాటలో ఈ కోపం కూడా ఉందని మర్చిపోతే ఆ అందం పోస్టుకార్డు బొమ్మ అయిపోతుంది.

తెనాలి దాటి మెయిన్ లైను మీదే 40 కి.మీ. పైచిలుకు చెన్నై వైపు వెళ్తే బాపట్ల. ఇక్కడ కత్తెర లేదు. ఒకే గీత. ఆ గీత మీద దేశంలో చాలా ముఖ్యమైన రైళ్లు పోతుంటాయి. వాటిలో చాలా వాటికి బాపట్లతో పని లేదు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌కి ఇది కిటికీలోంచి చదవడానికి కూడా వీలుపడని ఒక పసుపు బోర్డు.

కానీ ప్లాట్‌ఫాం మీద ఉన్నవాడి వైపు నుంచి చూడండి. "రైలు బండి వేగంగా వెళ్తుంది, ప్లాట్‌ఫాం అంచు నుంచి దూరంగా ఉండండి" అన్న తరహా హెచ్చరిక వస్తుంది. పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంటారు. ముందు పట్టాలు సన్నగా మోగుతాయి. తర్వాత ఇరవై చిల్లర పెట్టెలు ఒక్క ఊపున పోతాయి. కాగితాలు, చీర కొంగులు, టీ కప్పులు లేచి పడతాయి. దుమ్ము సర్దుకున్నాక ప్లాట్‌ఫాం ఇందాకటి కంటే నిశ్శబ్దంగా ఉంటుంది. మన ప్యాసింజర్ మాత్రం లూప్ లైన్‌లో పక్కకి తప్పుకుని, పెద్దవాళ్లు వెళ్లేదాకా చేతులు కట్టుకుని నిలబడినట్టు నిలబడి ఉంటుంది. బాపట్ల నేర్పే ఎదురుచూపు ఇదే, దాటిపోనివ్వడం. చిన్న ఊళ్లో పెరిగిన వాళ్లందరికీ ఇది ఏదో ఒక రూపంలో తెలుసు. లోకం మన ఇంటి ముందు నుంచే పోతుంది, మన కోసం ఆగదు.

ఆ గీత మీద ఉండటమే ఒక్కోసారి ఊరికి కలిసొచ్చింది కూడా. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలన్న మాట గట్టిగా వినపడ్డ తొలి వేదికల్లో అదొకటి. నాలుగు వైపుల నుంచి మనుషులు చేరడానికి రైలు ఉన్న ఊరు కావడం ఒక వసతే అయ్యుండాలి. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చాక ఈ ప్లాట్‌ఫాం మీద ట్రంకు పెట్టెలతో దిగే కుర్రాళ్లు శాశ్వత పాత్రలయ్యారు. ఇప్పుడు వారాంతాల్లో హైదరాబాద్ నుంచి సూర్యలంక బీచికి పోయే గుంపులు వాళ్లకి తోడయ్యాయి. సముద్రం ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లే. 2022 ఏప్రిల్ నుంచి ఇది జిల్లా కేంద్రం కూడా. ఇన్ని జరిగినా బాపట్ల ప్లాట్‌ఫాం స్వభావం మారలేదు. ఇక్కడ అందమంతా అడ్డంగా పరుచుకుని ఉంది. ఎత్తైనదంటూ ఏమీ లేదు. ఎటు చూసినా పట్టాలు చుక్కలా సన్నబడేదాకా చూడొచ్చు. మన నగరాల్లో చూపు అంత దూరం పోయే చోటు ఒక్కటి చెప్పండి.

మూడోది రేపల్లె. మళ్లీ తెనాలికి వచ్చి బ్రాంచి లైను ఎక్కాలి. సుమారు 34 కి.మీ. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోన, తర్వాత రేపల్లె. ఆ తర్వాత పట్టాలు లేవు. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది లీఫ్ నోడ్. వచ్చిన దారినే వెనక్కి పోవాలి తప్ప ఇక్కణ్ణించి ఎటూ పోలేం. ఇంకొంచెం ముందుకెళ్తే కృష్ణ. పెనుమూడి - పులిగడ్డ వంతెన మీద బస్సులూ లారీలూ దివిసీమకి దాటిపోతాయి. రైలు మాత్రం ఏటికి ఇవతలే ఆగింది. ఇక్కణ్ణించి మచిలీపట్నానికి లైను వెయ్యమని ఎన్నాళ్లుగానో అడుగుతూనే ఉన్నారు.

లైను చివర స్టేషన్‌కి ఒక మర్యాద ఉంటుంది. ఇక్కడ రైలు మనల్ని తొందరపెట్టదు. జంక్షన్‌లో రెండు నిమిషాల్లో దిగాలి, బాపట్లలో ఒక్క నిమిషమే ఉంటుంది. రేపల్లెలో రైలు ముందే వచ్చి, ఖాళీగా, తలుపులు తీసి కూర్చుని ఉంటుంది. ముసలమ్మ నిదానంగా ఎక్కొచ్చు. ఎక్కించడానికి వచ్చినవాళ్లు లోపలికొచ్చి పక్కన కూర్చుని ఇంకో పావుగంట మాట్లాడొచ్చు. ఇక్కడ రైలే మన కోసం ఎదురుచూస్తుంది. మిగతా రెండు స్టేషన్లలో దొరకని గౌరవం ఇది. దీనికోసం ఏ ఆర్కిటెక్టూ గీత గీయలేదు. పట్టాలు అయిపోవడం వల్ల దానంతటదే వచ్చింది.

ఇక్కడొక సరదా పోలిక ఉంది. కాచిగూడ స్టేషన్ కట్టింది కూడా 1916లోనే, రేపల్లెకి లైను వచ్చిన ఏడాదే. అక్కడ నిజాం గుమ్మటాలూ మినార్లూ పెట్టించాడు. ఇక్కడ మరాఠా రైల్వే కంపెనీ పని జరిగితే చాలనుకుంది. తర్వాతి కాలంలో ఈ రెండు చివర్లనీ కలుపుతూ ఒక రైలు నడిచింది. డెల్టా ప్యాసింజర్. కాచిగూడ గుమ్మటాల కింద ఎక్కి నిద్రపోతే తెల్లారి డెల్టా పొలాల్లో కళ్లు తెరిచేవాళ్లు. ఎలివేషన్ ఉన్న స్టేషన్‌కీ లేని స్టేషన్‌కీ మధ్య ఒక రాత్రి దూరం. నన్నడిగితే కాచిగూడ చూడటానికి బాగుంటుంది, రేపల్లె ఉండటానికి బాగుంటుంది.

ఇదే బ్రాంచి లైను మీద భట్టిప్రోలు ఉంది కదా. రెండువేల ఏళ్లకి పైబడిన బౌద్ధ స్తూపం, 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో బయటపడ్డ ధాతు పేటికలు, వాటి మీద తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్లెవరూ వదిలిపెట్టలేని అక్షరాలు. ఆ తవ్వకాలకి ముందే, 19వ శతాబ్దంలో, ఆ స్తూపం ఇటుకల్నీ రాళ్లనీ రోడ్లకీ కాలువ పనులకీ మోసుకుపోయారు. పాతది విప్పి కొత్తదానికి వాడటం ఇక్కడ కొత్త కాదు. అది గుర్తుపెట్టుకుంటే ఇప్పుడు స్టేషన్లకి జరుగుతున్నదాన్ని గుండెలు బాదుకోకుండా చూడొచ్చు.

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద దేశంలో 508 స్టేషన్లకి ఒకేసారి శంకుస్థాపన జరిగింది. ఆ జాబితాలో తెనాలి, రేపల్లె ఉన్నాయి. బాపట్ల కూడా ఆ పథకంలో ఉంది. లిఫ్టులు, ఎస్కలేటర్లు, వెడల్పాటి ఓవర్ బ్రిడ్జిలు, మెరుగైన వెయిటింగ్ హాళ్లు, స్థానిక సంస్కృతి కనపడే ముఖభాగం. ఇవీ హామీలు.

పాతదంతా బాగుంది, ముట్టుకోకండి అనే పార్టీలో నేను లేను. ఓవర్ బ్రిడ్జి మీద నుంచి నాలుగు దిక్కులూ చూసి మురిసిపోవడం మోకాళ్లు బాగున్నవాళ్ల భోగం. సూట్‌కేసు ఒక చేత్తో, తల్లి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఆ మెట్లెక్కేవాళ్లకి లిఫ్టు కంటే అందమైన కట్టడం లేదు. ఆడవాళ్లు ధైర్యంగా వాడుకోగల మరుగుదొడ్డి ముందు ఏ కాలనీ కాలపు ఆర్చీ నిలబడదు. పైగా ఆ పాత కాలం అంత అమాయకమైందీ కాదు. మద్రాసు రాజధాని స్టేషన్లలో బ్రాహ్మణులకి వేరే భోజనశాలలుండేవి. పెరియార్ లాంటివాళ్లు ఆందోళన చేస్తే గానీ అవి పోలేదు. క్లాసుని బట్టి వెయిటింగ్ రూములు ఇప్పటికీ ఉన్నాయి. 'ఎవరి పక్కన కూర్చోబెడుతోంది' అని ఇందాక అడిగిన ప్రశ్నకి స్టేషన్లు ఎప్పుడూ మంచి జవాబు చెప్పలేదు. చెప్పినంతవరకూ చెప్పింది బయట ప్లాట్‌ఫాం మీది బెంచీయే.

నా పేచీ క్రమం గురించి. హామీల్లో అన్నిటికంటే ముందు మన కంటపడేది ఆ ముఖభాగమే. ఇలాంటి పనులకి విడుదల చేసే త్రీడీ బొమ్మలు చూడండి. దాదాపు అన్నీ రోడ్డు వైపు నుంచే. రాత్రి వేళ, రంగు దీపాల్లో, ఒక్క మూట కూడా లేని జనంతో. ప్లాట్‌ఫాం చివర, షెడ్డు అయిపోయిన చోట, జనరల్ బోగీ ఆగే చోట మే నెల మధ్యాహ్నం నీడ ఎంతుంటుందో ఏ బొమ్మా చూపించదు. త్రీడీ బొమ్మలో ఎండ కాయదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చేసే పనులు వేరు. మారేవాళ్లకి దారి సులువుగా ఉండాలి, దాటిపోయే రైళ్ల పక్కన నిలబడేవాళ్లకి భద్రత ఉండాలి, తీరిగ్గా ఎక్కేవాళ్లకి చోటుండాలి. మూడింటికీ ఒకే రకం ముఖం తగిలిస్తే ఊరి పేరు తెలియడానికి మళ్లీ ఆ పసుపు బోర్డే దిక్కు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. స్టేషన్‌కి అసలు ఆర్కిటెక్చర్ టైంటేబుల్. కోవిడ్‌లో ఆగిన ప్యాసింజర్లు మళ్లీ మొదలైనప్పుడు వాటిలో చాలా వాటికి 'ఎక్స్‌ప్రెస్ స్పెషల్' అని పేరొచ్చింది. కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 అయింది. బోగీలు అవే, వేగం దాదాపు అదే. పేరుకి మాత్రం ఎలివేషన్. 2024 ఫిబ్రవరిలో గానీ ఆ ధర మళ్లీ కిందికి దిగలేదు. జంపనిలో ఎక్కి తెనాలిలో దిగే మనిషికి ఆ మధ్య కాలమంతా స్టేషన్ అందం 20 రూపాయలు ఎక్కువ పలికింది. కర్ణాటకలో అరసాళు అనే చిన్న స్టేషన్ ఉంది. శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' సీరియల్లో మాల్గుడి స్టేషన్‌గా కనపడింది అదే. ఇప్పుడు దాని పాత భవనాన్ని ముచ్చటగా బాగుచేసి మాల్గుడి మ్యూజియం చేశారు. వెళ్లి చూసేవాళ్లని తప్పుపట్టను. కానీ మ్యూజియంలో ఎవరూ ఎవరికోసం ఎదురుచూడరు.

కాబట్టి ఈ మూడు స్టేషన్ల పని పూర్తయి, రిబ్బన్లు కత్తిరించి, ఫొటోలు వచ్చాక, వాటిని మెచ్చుకునే ముందు మూడు చిన్న విషయాలు కనుక్కుందాం. తెనాలిలో గుంటూరు బండి దిగినవాడికి రేపల్లె బండి అందుతోందా? బాపట్లలో షెడ్డు జనరల్ బోగీ దాకా వచ్చిందా? రేపల్లెలో ముసలమ్మ ఎక్కడానికి రైలు ఇంకా ముందే వచ్చి కూర్చుంటోందా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే, ముందు వైపు గోపురం పెట్టినా, గుమ్మటం పెట్టినా నాకు పేచీ లేదు.